బల్బుకూ మనిషికీ తేడా

"పెట్టె బాగనే ఉందక్కా," అన్నాడు జావీద్.

ఆ మాట ఒక మనిషి బతుకును ఏం చేయబోతోందో అప్పుడతనికి తెలియదు. తెలిసినా అనేవాడే. అది నిజమని నమ్మాడు, పైగా తన పెట్టె మీద ఈగ వాలినా ఓర్చుకునే రకం కాదు.

జూలూరుపాడులో అతని దుకాణం ముందు మెట్టు మీద జంపక్క కూర్చుని ఉంది. ములకలపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఆమె ఊరు. ఆమె భర్త దూలయ్య పొలంలో మోటరు తీగ చేతిలో ఉండగానే చనిపోయి పట్టుమని నెల కాలేదు. ఆ లైనుకు కాపలాగా జావీద్ తయారుచేసిన పెట్టె ఉంది. మనిషికి కరెంటు తగిలిన మరుక్షణం 'టక్' మని లైను కోసేయడం ఆ పెట్టె పని. ఆ రోజు అది టక్ మనలేదు. ఎందుకో తేల్చుకుందామని జావీద్ దాన్ని విప్పి దుకాణానికి తెచ్చుకున్నాడు. దాని వెనకే జంపక్క వచ్చింది.

"పండుగనాడు మూత తీసి పసుపు కుంకుమ పెట్టిన భాయ్," అంది ఆమె. "విత్తనాల పండుగకు నాగలికి పెడ్తం, పారకు పెడ్తం. ఇది గూడ మనల్ని కాపాడేదే గద అని దీనికీ పెట్టిన. లోపల మీట ఉంటదట గద. దానికి నా ఏలు తాకిందో లేదో నాకే యాదికొస్తలేదు. నిజం చెప్పు. నా చెయ్యేనా ఆయన్ని చంపింది?"

పెట్టెలో నిజంగానే చిన్న మీట ఉంది. రిపేరు చేసేటప్పుడు పెట్టెను పక్కనపెట్టి లైనును నేరుగా నడపడానికి జావీద్ అమర్చుకున్నది. దాన్ని అటు జరిపితే పెట్టె ఉన్నా లేనట్టే. చూస్తే అది ఉండాల్సిన చోటే ఉంది, చుట్టూ పసుపు మరకలు మాత్రం ఉన్నాయి. జావీద్ ఆమె ఎదుటే లైను తగిలించి, టెస్టు బల్బు తీగను భూమిలోకి దిగిన ఎర్తు చువ్వకు ఆనించాడు. టక్. మళ్ళీ ఆనించాడు. టక్. చివరికి చెప్పులు విప్పి తన వేలే పెట్టాడు. టక్ మంది.

"పెట్టె బాగనే ఉందక్కా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. పెట్టె బాగుంటే తప్పు ఇంకెవరిదో కావాలి కదా. అది ఎవరిదో ఆమె బావ, దూలయ్య అన్న ముత్తయ్య ఆమె కంటే ముందే తేల్చేశాడు. 'మీట అటు జరిపింది, మనిషి పోయినంక భయపడి ఇటు జరిపింది. పెట్టె మంచిగున్నదని భాయే చెప్పిండు' అని ఊరంతా చెప్పుకొచ్చాడు. ఆ అన్నదమ్ములు ఆమెను పొలం గట్టు ఎక్కనివ్వడం మానేశారు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందె పక్కన తమ బిందె పెట్టడం మానేశారు. అన్నిటికన్నా ఘోరమేమిటంటే, ఆ మాట ఆమె కూడా నమ్మేసింది.

జావీద్‌కు తన పెట్టె మీద అంత నమ్మకం ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. అతని తండ్రి అహ్మద్ పాషా మోటర్లకు వైండింగు కట్టేవాడు. ఒకసారి ఏన్కూరు వైపు ఒక పొలానికి రిపేరుకు వెళ్ళి, కరెంటు కొట్టి అక్కడికక్కడే పోయాడు. జావీద్ అప్పటికి ఖమ్మంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాడు. తండ్రిని మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం, 'ఇట్ల ఇంకెవరూ పోకుండ నేను ఏదో ఒకటి కనిపెడ్త' అన్నాడు. ఏడుపులో అనే మాటలు ఎవరు పట్టించుకుంటారు? ఇతను మాత్రం పట్టించుకున్నాడు. హైదరాబాదులో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది, వదులుకున్నాడు. పెళ్ళయింది, తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి, ఆ పట్టు మాత్రం వదల్లేదు. ఇంట్లో తిండికి కూర్చున్నా కంచం పక్కన ఏదో ఒక తీగముక్క ఉండేది.

మనిషికి కరెంటు తగిలితే కోసేసే పరికరాలు బజారులో లేక కాదు. పట్నం ఇళ్ళలో పెట్టుకుంటారు. కరెంటు భూమిలోకి కారుతోందని తెలియగానే అవి లైను ఆపేస్తాయి. మన పొలాల్లో వాటి పప్పులు ఉడకవు. ఇక్కడ మోటర్లకు వచ్చేది మూడు తీగల లైను, బల్బు వెలగడానికి కావలసిన నాలుగో తీగ ఉండదు. లేకపోతే మనవాళ్ళు ఆగుతారా? బల్బుకు ఒక కొస లైను తీగకు కట్టి, రెండో కొసను ఇనుప చువ్వకు చుట్టి, ఆ చువ్వను భూమిలోకి దిగ్గొడతారు. బల్బు భేషుగ్గా వెలుగుతుంది. పాములూ అడవిపందులూ తిరిగే చోట ఆ వెలుగు లేనిదే ఎవరూ మోటరు దగ్గరికి పోరు. పట్నం పరికరానికి మాత్రం ఆ బల్బు కూడా భూమిలోకి కరెంటు కార్చే దొంగే. బల్బు వేయగానే కోసేస్తుంది, రైతులు దాన్ని పీకి పారేస్తారు.

జావీద్ తెలివి చూపింది ఇక్కడే. కరెంటు రాగానే అతని పెట్టె ముందు లెక్క చూసుకుంటుంది, ఈ లైనులో భూమిలోకి ఎంత కారుతోందని. ఎంత ఉంటే అంతా బల్బుదేనని సర్దుకుంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా ఇంకొంచెం కారిందా, అది మనిషి, టక్. వానకాలం ఒక లెక్క, ఎండకాలం ఒక లెక్క కాబట్టి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ కొత్తగా నేర్చుకుంటుంది. మన రైతుల అలవాటును తిట్టకుండా, ఆ అలవాటుకు సరిపడా ఒక యంత్రాన్ని చేయడం ఇంతవరకు ఎవరి బుర్రకూ తట్టలేదని జావీద్ అందరికీ చెప్పుకునేవాడు. కాస్త గొప్పలకు పోయే మనిషే, కానీ ఆ విషయంలో అబద్ధం లేదు.

సంతల్లో అతని ఆట చూడటానికి జనం మూగేవారు. తడి గోనెసంచి మీద ఉత్త కాళ్ళతో నిలబడి, వెలుగుతున్న బల్బు పక్కనే ఉన్న తీగను పట్టుకునేవాడు. టక్. బల్బు ఆరిపోయేది, జావీద్ నవ్వుతూ నిలబడేవాడు. "కోడికి, పిల్లికి ఇది కొయ్యదు. దాని లెక్కకు అందేది మనిషి, గొడ్డు," అని చెప్పేవాడు. ఏన్కూరు నుంచి ములకలపల్లి దాకా ఊరూరా మోటరు గుడిసెల్లో జావీద్ పెట్టె చేరింది. ఇప్పుడు కరెంటు ఆఫీసు పెద్దలు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే జిల్లాలో ప్రతి మోటరుకూ అదే.

జంపక్క వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకు, ఆ పెద్దలకు చూపించడానికని ఒక రోజు పొద్దున్నే దూలయ్య పెట్టెనే తుడిచి పరీక్షిస్తున్నాడు. టెస్టు బల్బును మనిషి బదులుగా లైనుకూ ఎర్తుకూ మధ్య తగిలించబోతుండగా కరెంటు పోయింది. వానకు ఎక్కడో కొమ్మ పడి ఉంటుంది. జావీద్ బల్బును అలాగే తగిలించి వదిలేసి చాయ్ తాగడానికి లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కరెంటు వచ్చి ఉంది. బల్బు వెలుగుతోంది.

వెలగకూడదు. ఆ బల్బు మనిషి. మనిషికి కరెంటు తగిలితే పెట్టె కోసేయాలి.

మీట చూశాడు, సరిగ్గానే ఉంది. వైర్లు చూశాడు, బిగువుగానే ఉన్నాయి. బల్బు తీసి మళ్ళీ పెట్టాడు. టక్. ఈసారి మెయిన్ ఆపి, బల్బు తగిలించి, మెయిన్ వేశాడు. బల్బు వెలిగింది, వెలుగుతూనే ఉంది. పెట్టె చప్పుడు చేయలేదు. ఇన్నేళ్ళలో అతను ఎప్పుడూ ముందు కరెంటు ఇచ్చి, తర్వాతే చెయ్యి పెట్టాడు. సంతలోనూ అంతే, దుకాణంలోనూ అంతే. చెయ్యి ముందు ఉండి కరెంటు తర్వాత వస్తే ఏమవుతుందో అతనికి ఒక్కసారి కూడా తోచలేదు. కరెంటు వచ్చేసరికే మనిషి తీగ పట్టుకుని ఉంటే, పెట్టె అతన్ని కూడా బల్బు లెక్కలో వేసుకుంటుంది. మనిషి కొట్టుకుంటూ ఉంటాడు, పెట్టె అంతా సవ్యంగా ఉందనుకుంటుంది.

మన రైతులు తీగలు పట్టుకునేది సరిగ్గా అప్పుడే కదా. కరెంటు పోతేనే అతుకు వేయడానికి దిగుతారు. మెయిన్ ఆపరు, ఎందుకంటే కరెంటు రాగానే మోటరు దానంతటదే నడవాలని అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. ఇంతకుముందు ఎక్కడో భయమైనా ఉండేది. 'జావీద్ పెట్టె ఉంది గద' అనుకున్నాక ఆ కాస్తా పోయింది. దూలయ్య కూడా అలాగే దిగాడు.

జావీద్ స్టూలు మీద కూలబడ్డాడు.  పెట్టెను సరిచేయొచ్చా అని మనసు వెంటనే లెక్కల్లో పడింది, అది దాని అలవాటు. ఎటు తిప్పినా దారి దొరకలేదు. ఆ క్షణానికి తీగలో బల్బు ఎంత కారుస్తుందో మనిషీ ఇంచుమించు అంతే కారుస్తాడు. పెట్టెకు ఆ ఇద్దరినీ విడదీసి చూపించే ఉపాయం ఏదీ లేదు. ప్రతిసారీ కొత్తగా నేర్చుకోవడం తీసేస్తే వాన పడ్డ రోజల్లా కోసేస్తుంది, అప్పుడు రైతులు దాన్ని పీకేస్తారు. ఏ తెలివిని చూసుకుని ఇన్నేళ్ళు మురిసిపోయాడో, ఆ తెలివే దూలయ్యను చంపింది.

అతని భార్య మెహర్ వచ్చి చూసి, విషయం విని, వీధి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత మెల్లగా, "ఆఫీసర్లు వచ్చిపోయేదాంక ఊకో. తర్వాత ఏదో వంకతోని అన్నీ వాపస్ తెప్పిద్దాం," అంది. ఆమె చెడ్డది కాదు. ఈ పెట్టె కోసం భర్త ఎన్ని పూటలు అన్నం మరిచాడో లెక్క ఆమెకే తెలుసు.

"అప్పటిదాంక ఆ జంపక్క?" అన్నాడు జావీద్.

మెహర్ మెయిన్ ఆపి, ఆ బల్బును ఆర్పేసింది.

లోపలి గదిలో నులకమంచం మీద కూర్చున్న తల్లి అజ్మత్ బీ ఈ మాటలన్నీ వింటోంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె స్విచ్చు ముట్టుకోదు, ఫ్యాను వేయాలన్నా ఎవరినో ఒకరిని పిలుస్తుంది. "మీ అబ్బా గూడ గట్లనే పోయిండు గద బేటా," అంది.

"ఎట్లా?"

"కరెంటు లేదనే గద తీగ పట్టుకున్నడు. పట్టుకున్నంక వచ్చింది."

 ఇన్నేళ్ళలో తండ్రి ఎలా పోయాడని జావీద్ ఎవరినీ అడగలేదు. కరెంటు కొట్టింది అంటే చాలనుకున్నాడు. తండ్రి కోసం పెట్టె చేశాడు, ఆ పెట్టె తండ్రి తీగకు ఉన్నా తండ్రి బతికేవాడు కాదు. అతనికి ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

పెట్టెను సంచిలో పెట్టుకుని బండి తీశాడు. దారిలో లైన్‌మన్ రాంబాబుకు ఫోను చేశాడు. ఆ అడవి అంచు ఊళ్ళకు కరెంటు లైను చూసేది అతనే. రాంబాబు అడవిలోనే ఉన్నాడు. "పొద్దుగాల్ల మీ దిక్కు లైను ఇచ్చినం. ఈ దిక్కు ఇంక టేకు కొమ్మ లైను మీదనే పడి ఉన్నది భాయ్. కోస్తున్నం. అయిపోంగనే సబ్‌స్టేషనుకు చెప్పి లైను ఇప్పిస్త," అన్నాడు.

"ఎప్పుడైతది? నేను చెప్పేదాంక ఇయ్యకు."

"ఈడ సిగ్నల్..." అంటుండగానే మాట తెగింది. మళ్ళీ కలవలేదు.

జావీద్ ఇంకా జల్దీగా పోనిచ్చాడు. దారి పక్క పొలంలో ఒక రైతు కనిపిస్తే ఆగి, పెట్టె విప్పి ఇచ్చేయమన్నాడు. ఆ రైతు నవ్వాడు. పోయినేడు అతని ఎద్దు తెగిన తీగ తొక్కితే పెట్టె కోసేసిందట. "నా ఎద్దును బతికించిన పెట్టెను ఎందుకిస్త భాయ్? కొత్తది తెచ్చినవా ఏంది?" అన్నాడు. జావీద్ ఎంత చెప్పినా అతనికి చెవికెక్కలేదు. ఇలా ఒక్కొక్కరినీ బతిమాలుతూ పోతే ఈలోగా లైను వచ్చేస్తుంది. ఎక్కడెక్కడ ఎవరు ఏ తీగ పట్టుకుని ఉన్నారో తలుచుకుంటూ మళ్ళీ బండెక్కాడు.

జంపక్క ఇంటి ముందు నూనె ఆడించే ఇప్పపలుకు ఎండబోసి ఉంది. ఆమె దాని పక్కనే కూర్చుని ఉంది, వాన తుంపర పడుతున్నా ఎత్తడం లేదు. మనిషి సగానికి సగమైంది. జావీద్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, నీ చెయ్యి కాదు. నా పెట్టె చంపింది," అన్నాడు. బల్బు సంగతి, కరెంటు ముందూ చెయ్యి ముందూ సంగతి, అన్నీ చెప్పాడు. 

జంపక్క ఏడవలేదు, తిట్టలేదు. తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎవరిదో వస్తువును చూసినట్టు చూసుకుంది. "ఆ పొద్దు నేనే పోయి చూసిన," అంది. "లైను బందైనంక గూడ ఆయన తీగ ఇడవలేదు భాయ్. నేనే ఒక్కొక్క ఏలు ఇప్పిన. ఇప్పుకుంట అనుకున్న, ఈ ఏళ్ళే గద మూత తీసినయని." లేచింది. "మా బావ ముంగట చెప్పు. గీ మాటే చెప్పు."

ముత్తయ్యా, మిగిలిన తమ్ముళ్ళూ, పాలివాళ్ళూ దూలయ్య పొలంలోనే ఉన్నారు. కరెంటు లేదు కాబట్టి మోటరు గుడిసె దగ్గర కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. జంపక్కను గట్టు మీద చూడగానే మాటలు ఆగిపోయాయి. జావీద్ వాళ్ళకు మొదటి నుంచీ చెప్పాడు. ఇంత సేపు తన తప్పు గురించి మాట్లాడటం అతనికి జన్మలో మొదటిసారి.

ముత్తయ్య అంతా విన్నాడు. విని, చుట్ట నోట్లోంచి తీసి, మెత్తగా అన్నాడు. "నువ్వు మంచోనివి భాయ్. ఆడిమనిషి ఏడుస్తె చూడలేక తప్పు నీ మీదేసుకుంటున్నవ్. గట్ల ఎందుకు? నీ పెట్టె సంగతి మాకు తెల్వదా?"

"అబద్ధం చెప్తలేను. చూపిస్త," అన్నాడు జావీద్. సంచిలోంచి పెట్టె తీసి గుంజకు బిగించాడు, లైను నుంచి వచ్చే పై తీగలు, మోటరుకు పోయే కింది తీగలు కలిపాడు. "ఇదిగో, ఈ బల్బును మనిషి అనుకో. లైను రాంగనే చూడు, పెట్టె కొయ్యదు, బల్బు వెలుగుతది."

తమ్ముళ్ళలో ఒకడు నవ్వాడు. "బల్బు ఉంటె కొయ్యదు గద. అందుకే గద నీ పెట్టె కొన్నది."

 పోనీ కోడిని తీగకు కట్టి చూపిస్తానన్నాడు జావీద్. "కోడి దాని లెక్కకు అందదని నువ్వే గద సంతల చెప్పినవ్," అన్నాడు ముత్తయ్య. తన సంత మాటలే ఒక్కొక్కటీ వచ్చి దారికి అడ్డం నిలబడుతుంటే జావీద్‌కు తల తిరిగింది. ఎన్నేళ్ళు కష్టపడి వీళ్ళను నమ్మించాడు. ఇప్పుడు నమ్మొద్దని చెబితే ఎవరూ వినడం లేదు. జంపక్క దూరంగా గట్టు మీదే నిలబడి ఉంది, ఎవరూ ఆమెను దగ్గరికి రమ్మనలేదు.

తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడే అలవాటు ముత్తయ్యకు లేదు. అడవి వైపు చూస్తూ అన్నాడు, "చేసినోళ్ళు ఒప్పుకుంటె ఒక తీరు. భాయ్‌ను ఏడిపిచ్చి అబద్ధం ఆడిచ్చుడు మంచిది కాదు."

జంపక్క మొహంలో మిగిలిన కాస్త రక్తం కూడా ఇంకిపోయింది. అది చూసినప్పుడు జావీద్‌కు ఇక ఒకటే దారి కనిపించింది.

అతను చెప్పులు విప్పాడు. మోటరు పక్కన బురదలోకి దిగి, దూలయ్య వేయబోయిన అతుకు మీద తర్వాత తమ్ముళ్ళు చుట్టిన టేపు ఊడదీశాడు. రాగి తీగ బయటపడింది. దాన్ని కుడిచేత్తో పట్టుకుని గట్టిగా గుప్పిట మూశాడు.

"లైను రానియ్యండి," అన్నాడు. "పెట్టె కోస్తె నేను అబద్ధమాడినట్టు. కొయ్యకపోతె ఆమె చెయ్యి మంచిది. నన్ను కొడ్తుంటే కర్రతోని తీగను తప్పించండి, మనిషిని ముట్టకండి."

వాళ్ళు కంగారు పడతారని, వద్దని లాగుతారని అతను అనుకున్నాడు. ఒక్కరూ లేవలేదు. ముత్తయ్య చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ఉత్త కాళ్ళు, తడి నేల, చేతిలో తీగ, ఇది వాళ్ళు సంతలో ఎన్నిసార్లు చూడలేదు? ఎవరో, "గోనెసంచి తేలేదా భాయ్?" అని కూడా అన్నారు. కర్ర మాట ఎవరి చెవినా పడలేదు. ఇప్పుడు టక్ మంటుంది, భాయ్ నవ్వుతాడు, అంతే అని తీరిగ్గా చూస్తున్నారు.

జావీద్ వాళ్ళ మొహాలు చూశాడు. తీగను తప్పించేవాడు వీళ్ళలో ఎవడూ లేడని అర్థమైంది. చేయి వదిలేయొచ్చు. వదిలితే భాయ్ ఉత్తమాటలు చెప్పాడంటారు, ఆమె మీద పడ్డ మాట ఇక ఎప్పటికీ పోదు. తండ్రి కూడా ఇలాగే, ఇంతే తీగ, ఇంతే బురద. చావాలని అతనికి లేదు. మెహర్ మొహం కళ్ళ ముందుకు వస్తోంది. అయినా గుప్పిట విప్పలేకపోయాడు. అడవి వైపు లైను తీగలను చూస్తూ నిలబడ్డాడు. కొమ్మ కోయడం అయిపోయి ఉంటుంది. రాంబాబు ఈపాటికి చెప్పేసి ఉంటాడు.

జంపక్క గట్టు దిగి వచ్చింది. ఎవరూ రానివ్వని ఆ పొలంలోకి నడుచుకుంటూ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"నువ్వు చెప్పింది నిజమేనా భాయ్?" అని మెల్లగా అడిగింది.

"అవ్ అక్కా. నిజం."

"లైను వస్తె నువ్వు పోతవు."

 ఆమె అతని కళ్ళలోకి చూసింది. ఆ చూపులో ఇన్నాళ్ళూ ఆమెను తిన్న ప్రశ్న లేదు. ఆ పొలంలో అతని మాట నమ్మింది ఆమె ఒక్కతే.

జంపక్క గిరుక్కున తిరిగింది. గుంజ దగ్గరికి పోయి, రెండు చేతులతో పెట్టెను పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజింది. మేకులు ఊడాయి, తీగలు తెగాయి. పెట్టెతో పాటు ఆమె వెనక్కి బురదలో పడింది. ముత్తయ్య లేచి నిలబడి ఏదో అనబోయాడు.

అప్పుడు కరెంటు వచ్చింది. గుంజ మీద తెగిన పై తీగ తడికి చిటపటలాడింది. పక్క పొలంలో ఆటో స్టార్టరు పడింది, మోటరు మూలిగి అందుకుంది. దాని తర్వాత ఇంకొకటి, అవతల ఇంకొకటి. అడవి అంచు పొడుగునా మోటర్లు మోగాయి, గుడిసెల్లో బల్బులు వెలిగాయి. దూలయ్య పొలంలో మాత్రం ఏమీ జరగలేదు. జావీద్ ఉత్త తీగను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూసిండ్రా," అన్నాడు ముత్తయ్య. "అందరి ముంగట మళ్ళ చెయ్యి పెట్టింది. నిజం బయటపడ్తదని పీకేసింది."

 కండువాలు దులుపుకుని ఒక్కొక్కరే లేచారు. తమ తమ మోటర్లు నడుస్తున్నాయో లేదో చూసుకోవడానికి గట్ల మీద పడి పోయారు. వాళ్ళను పిలవాలని, ఆపాలని, మీ పెట్టెలు కూడా పీకేయండని చెప్పాలని జావీద్ నోరు తెరిచాడు. అప్పటికే వాళ్ళు మోటర్ల మోతలో కలిసిపోయారు.

జంపక్క బురదలోంచి లేచింది. తన మీద పడ్డ మాట పోవడానికి ఉన్న ఒక్క దారినీ తన చేతులతోనే పీకేసిందని ఆమెకు తెలుసు. పెట్టెను గట్టు మీద పెట్టి అతని దగ్గరికి వచ్చింది.

"ఇగ ఇడువు భాయ్," అంది.

జావీద్ వదలాలనే చూశాడు. చెయ్యి మాట వినలేదు. తీగలో కరెంటు లేదు, అయినా వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. జంపక్క అతని గుప్పిటను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క వేలే విప్పింది.